పడమటి మంత్రగత్తెకు పేరు పెట్టినవాడు

మన జానపద కథల్లో మాంత్రికుడికి పేరుండదు. కావలిస్తే ఒక్కసారి జ్ఞాపకం చేసుకొని చూడండి. నేపాళ మాంత్రికుడు, మలయాళ మాంత్రికుడు, మాయల ఫకీరు. వాడికి గుహ ఉంటుంది, గడ్డం ఉంటుంది, వంకర కర్ర ఉంటుంది, ఏడు సముద్రాల అవతల ఏ చిలుకలోనో దాచుకొన్న ప్రాణం ఉంటుంది. తల్లి పెట్టిన పేరు మాత్రం ఉండదు. 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోటమాలి ఇంటి కుర్రవాడికి తోటరాముడనే పేరుంది, మాంత్రికుడి శిష్యుడికి సైతం సదాజపుడనే పేరుంది. కథనంతటినీ నడిపించే ఆ మాంత్రికుడికి మాత్రం ఒక దేశం పేరు చాలునని పింగళి నాగేంద్రరావుగారికి తోచింది. మనకూ చాలుననే తోచింది. ఎస్.వి. రంగారావు నటన చూసి మైమరచినవాళ్లమే తప్ప, ఇతడి అసలు పేరేమిటని అడిగినవాళ్లం కాము.

పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. పేరున్నవాడికి బాల్యం ఉంటుంది, తోబుట్టువులుంటారు, ఒక తప్పు చేయడానికి కారణం ఉంటుంది. పేరు లేనివాడికి పని మాత్రమే ఉంటుంది. కథలో వాడి పని చావడం.

ఈ ఆలోచనకు మూలం గ్రెగరీ మాగ్వైర్ అనే అమెరికన్ రచయిత 1995లో ప్రచురించిన 'విక్డ్' అనే నవల. ఆ నవలనుంచి పుట్టిన సంగీత నాటకం 2003 అక్టోబరులో బ్రాడ్వే రంగస్థలం మీదికి వచ్చింది. దాన్ని రెండు భాగాల సినిమాగా తీయగా 2024లో ఒకటి, 2025లో ఒకటి విడుదలయ్యాయి. అందువల్ల పాటలు తెలిసినవారు, సినిమా చూసినవారు మనలోనూ చాలామందే ఉన్నారు. నవల చదివినవారు తక్కువ. ఈ టపా నవల గురించి. కథను ముందుగా తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఇక్కడితో ఆగి, పుస్తకం చదివి రావలసిందిగా మనవి.

*

మొదట మూలకథ సంగతి. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ఓజ్ మాంత్రికుడి కథ అమెరికాలో పిల్లలందరికీ కంఠోపాఠం. కాన్సస్ మైదానాల్లోంచి డొరొతీ అనే పాప సుడిగాలికి ఇంటితో సహా ఎగిరి ఓజ్ దేశంలో పడుతుంది. ఆ ఇల్లు తూర్పు మంత్రగత్తె మీద పడి ఆమె చచ్చిపోతుంది. పాప తిరిగి ఇంటికి వెళ్లాలంటే మరకత నగరంలో ఉన్న ఓజ్ మహామాంత్రికుడే దిక్కు. దిష్టిబొమ్మ, తగరపు కట్టెలవాడు, పిరికి సింహం తోడుగా ఆమె అక్కడికి వెళుతుంది. ఆ మహానుభావుడు ఊరికే వరాలిస్తాడా? పడమటి మంత్రగత్తెను చంపి రమ్మంటాడు.

ఇక్కడ ఒక క్షణం ఆగి, కథను పడమటి కోటలోంచి చూద్దాం. ఆమెకు ఒకే కన్ను. అది దూరదర్శినిలాంటి కన్ను. తన సరిహద్దులో అపరిచితులు నలుగురు నడిచి వస్తున్నారు. అందులో ఒకడి చేతిలో గొడ్డలి ఉంది. వాళ్లు వచ్చేది ఆమెను చంపడానికే. ఆమె నలభై తోడేళ్లను పంపితే గొడ్డలివాడు నలభైటినీ నరికేస్తాడు. నలభై కాకులను పంపితే దిష్టిబొమ్మ నలభైటి మెడలూ విరిచేస్తాడు. చదివే పిల్లలు చప్పట్లు కొడతారు. ఇదే లెక్కను తలక్రిందులు చేసి, మంత్రగత్తె మనుషులు డొరొతీ ఇంటి ముంగిట నిలబడి నలభై పెంపుడు జంతువులను చంపారని రాస్తే ఆ పిల్లలే ఏడుస్తారు.

అలాగని బామ్ మంత్రగత్తె నిరపరాధి కాదు. ఆమె వింకీలనే ప్రజలను బానిసలుగా పెట్టుకొంది, మంత్రపు టోపీ సాయంతో రెక్కల కోతులచేత చాకిరీ చేయించుకొంది, చేతికి చిక్కిన పాపచేత అంట్లు తోమించింది. బామ్ ఆమెను దుర్మార్గురాలిగా చూపడానికి తగినంత సామగ్రి ఇచ్చాడు. ఇవ్వనిది ఒక్కటే, పేరు. 'పడమటి దుష్ట మంత్రగత్తె' అన్నాడు. ఒక దిక్కు, ఒక నింద, ఒక వృత్తి, ఇవి మూడూ కలిపితే ఆమె. 1939లో ఆ కథను ఎం.జి.ఎం. సంస్థ సినిమాగా తీసినప్పుడు మార్గరెట్ హామిల్టన్ ముఖానికి పచ్చరంగు పూశారు. బామ్ పుస్తకంలో ఆ రంగు లేదు. అయినా అప్పటినుంచి మంత్రగత్తె అంటే పచ్చముఖం అని లోకానికి స్థిరపడిపోయింది. నిందకు రంగు కూడా అబ్బింది. పేరు మాత్రం అప్పుడూ రాలేదు. అదే 1939లో అలెగ్జాండర్ వోల్కోవ్ ఈ కథను రష్యన్‌లో తిరగరాస్తూ ఆమెను బాస్టిండా అన్నాడు. అయితే అది పిలవడానికి పనికొచ్చే పేరే తప్ప, దాని వెనుక ఒక జీవితం లేదు.

మాగ్వైర్ చేసిన మొదటి పని పేరు పెట్టడం. ఎల్. ఫ్రాంక్ బామ్ అనే పేరులోని మొదటి అక్షరాలు మూడు తీసుకొని, వాటి ధ్వనినిబట్టి 'ఎల్ఫబా' అన్నాడు. సృష్టికర్త తన బిడ్డకు ఇవ్వని పేరును ఆయన పేరునుంచే తీసి ఇచ్చాడన్నమాట. నాకు ఈ నవలలో అన్నిటికంటె నచ్చిన చమత్కారం ఇదే. నిజానికి ఇది చమత్కారం మాత్రమే కాదు, నవల మొత్తం వాదమూ అదే.

*

ఎల్ఫబా ఒక మతబోధకుడి ఇంట్లో పుడుతుంది. ఒళ్లంతా పచ్చ. పాలపళ్లకు బదులు సొరచేప పళ్లు. నీళ్లంటే భయం. తండ్రి ఈ బిడ్డను తన పాపానికి శిక్షగా లెక్కవేసుకొంటాడు. చదువుకోవడానికి షిజ్ నగరానికి వెళ్లినప్పుడు గలిండా అనే సొగసుకత్తె ఆమెకు గదిలో తోడు. అక్కడే డాక్టర్ డిలమండ్ అనే ఆచార్యుడున్నాడు. ఆయన మేక. ఓజ్ దేశంలో మాటాడే జంతువులు, మాటాడని జంతువులు అని రెండు రకాలు. మాటాడేవి నిన్నటిదాకా వైద్యులుగా, ఆచార్యులుగా, పౌరులుగా బ్రతికినవి. ఓజ్ పాలకుడిగా వచ్చిపడ్డ మాంత్రికుడు వాటి హక్కులను ఒక్కొక్కటిగా ఊడబెరుకుతాడు. మొదట ప్రయాణాలమీద ఆంక్షలు, ఆ తరువాత ఉద్యోగాలు పోతాయి, ఆ తరువాత పశువుల కొట్టాలు. మనిషికీ జంతువుకూ మధ్య శాస్త్రీయంగా గీత గీయడం సాధ్యమా అని పరిశోధిస్తున్న డిలమండ్ ఒక రాత్రి హత్యకు గురవుతాడు. విద్యాలయం గొంతు సవరించుకొని, పాఠాలు కొనసాగిస్తుంది.

ఎల్ఫబా మాత్రం కొనసాగించలేకపోతుంది. మాంత్రికుడి దగ్గరకు వెళ్లి మొరపెట్టుకొంటుంది. ఫలితం లేదు. అజ్ఞాతంలోకి పోతుంది. ప్రేమించిన ఫియెరోను గేల్ ఫోర్స్ అనే రాజ్య రక్షకదళం పొట్టన పెట్టుకొంటుంది. కొన్నేళ్లు ఒక మఠంలో మాటాపలుకూ లేకుండా గడిపి, చివరకు పడమటి కొండల్లోని కియామో కో అనే కోటకు, ఫియెరో భార్య దగ్గరకు వెళుతుంది. ఎందుకు? క్షమాపణ అడగడానికి. ఆ ఇల్లాలు వినడానికి ఒప్పుకోదు. సంవత్సరాల తరబడి ఆ మాట గొంతులోనే ఉండిపోతుంది. ఆమె లేని సమయంలో ఆ కుటుంబాన్ని కూడా గేల్ ఫోర్స్ ఈడ్చుకుపోతుంది. ఇక అడగడానికి మనిషే మిగలదు.

అప్పుడు వస్తుంది డొరొతీ. మాంత్రికుడు పంపింది చంపడానికే. అయితే మాగ్వైర్ డొరొతీ చంపడానికి రాలేదు, తన ఇల్లు మీద పడి చనిపోయిన తూర్పు మంత్రగత్తె విషయంలో ఆమె అక్కగారిని క్షమించమని అడగడానికి వచ్చింది. తనకు ఎవరూ ఇవ్వని క్షమను తాను ఇంకొకరికి ఎలా ఇవ్వగలదు? ఆ ఉక్రోషంలో ఎల్ఫబా బట్టలకు నిప్పు అంటుకొంటుంది. పాప ఆమెను కాపాడాలని బకెట్టు నీళ్లు పోస్తుంది. మూలకథలో ఆ నీళ్లు కోపంతో పోసినవి, ఇక్కడ దయతో పోసినవి. బామ్ సంఘటనల్లో పెద్దగా దేన్నీ చెరపకుండా, వాటి అర్థాన్ని మాత్రమే మార్చడం ఎలాగో నేర్చుకోదలచినవారికి ఈ ఒక్క ఘట్టం చాలు.

*

'దుర్మార్గుల వైపునుంచి కథ చెప్పడమంటే దుర్మార్గాన్ని సమర్థించడమే కదా' అనేది ఇటువంటి నవలలన్నిటిమీదా వచ్చే ఆక్షేపణ. ఆక్షేపణ తేలికైనది కాదు. హంతకుడి బాల్యం చెప్పి కన్నీళ్లు పెట్టించి, హతుణ్ణి మరపించే రచనలు లేకపోలేదు. అందుచేత ఈ నవల ఆ గోతిలో పడిందా లేదా అని చూడాలి.

పడలేదని నా అభిప్రాయం. నిదర్శనంగా ఒక ఘట్టం చెబుతాను. మేడమ్ మొరిబుల్ అనే కళాశాల అధిపతి ఎల్ఫబా జీవితాన్ని తెరవెనుక శాసించిన మనిషి. చాలా ఏళ్ల తరువాత ఎల్ఫబా ఆమెను చంపడానికే వెళుతుంది. వెళ్లేసరికి ఆ ముసలామె మంచంమీద కదలకుండా ఉంది, అప్పటికే ప్రాణం పోయిందేమో. అయినా ఎల్ఫబా చేతికందిన బహుమతి ఫలకం తీసుకొని ఆ తలమీద మోదుతుంది. మోది ఊరుకోదు, తానే చంపానని పనిగట్టుకొని చెప్పుకొంటుంది. లోకం ఎన్నో ఏళ్లుగా అంటున్న మాటను ఆమె తన చేతులతో తన మెడలో వేసుకొన్న క్షణం అది. రచయిత అక్కడ ఆమెను వెనకేసుకు రాడు, తిట్టడు. ఒక నింద మనిషిని బయటనుంచి తాకి తాకి లోపలికి ఎలా ఇంకుతుందో చూపి ఊరుకొంటాడు. కోటలో ఒక పిల్లవాడి చావుకు ఆమె కోపదృష్టి కారణమా కాదా అన్నదీ తేల్చడు. రెక్కల కోతులు కూడా ఆమె శస్త్రప్రయోగాల ఫలితమే. జంతువుల హక్కులకోసం జీవితాన్ని ధారపోసిన మనిషే నోరులేని కోతుల వీపు కోసి రెక్కలు కుట్టింది. ఇంతకంటె నిష్పాక్షికంగా ఏ వకీలూ తన కక్షిదారు తప్పులను న్యాయస్థానంలో పెట్టడు.

లోపాలు లేవా? ఉన్నాయి. చివరి భాగంలో ఎల్ఫబా పాత్ర ఉన్నట్టుండి చిరాకు, నిద్రలేమి, పిచ్చికోపాల మూటగా తయారవుతుంది. 1939 సినిమాలో అందరికీ తెలిసిన ముగింపు దగ్గరకు కథను చేర్చవలసిన తొందర రచయిత చేతిని తోసిందనిపిస్తుంది. మొదటి భాగాల్లో అంత ముద్దుగా పెరిగిన గలిండా తరువాత చాలాకాలం కనిపించకుండా పోతుంది. రాజకీయాలు, మతశాఖలు, తెగల వివరాలు కొన్నిచోట్ల కథను మింగేస్తాయి.

సంగీత నాటకం ఈ చిక్కులన్నీ విప్పేసింది. అందులో ఫియెరో చావడు, దిష్టిబొమ్మగా మారి బ్రతుకుతాడు. ఎల్ఫబా నీళ్లకు కరగదు, కరిగినట్టు నటించి ప్రియుడితో వెళ్లిపోతుంది. ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి వెళతాడు. పాటలు బాగున్నాయని ఒప్పుకొంటూనే అంటున్నాను, అక్కడ నవల ఓడిపోయింది. 'ఆమె నిజానికి మంచిది, మనం పొరపడ్డాం' అనడం సులువు. 'ఆమె మంచిదో కాదో చెప్పలేం, కాని ఆమెను వేటాడడానికి మనకు హక్కు ఎవరిచ్చారు' అని అడగడం కష్టం. నవల అడిగింది రెండోదాన్ని.

ఈ తేడా మరింత స్పష్టంగా తెలియాలంటే రష్యన్ రచయిత కిరిల్ యెస్కోవ్ 1999లో వెలువరించిన నవలను ప్రక్కన పెట్టి చూడవచ్చు. ఆయన వృత్తిరీత్యా పురాజీవ శాస్త్రజ్ఞుడు. టోల్కీన్ ఉంగరాల గాథను ఓడిపోయినవారి పక్షంనుంచి తిరిగి చెప్పాడు. ఇంగ్లీషులో అది 'ది లాస్ట్ రింగ్‌బేరర్'గా 2010లో అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. అందులో మోర్డార్ చీకటి రాజ్యం కాదు, యంత్రవిద్యలో, విజ్ఞానంలో ముందడుగు వేస్తున్న దేశం. తెల్లగడ్డపు గాండాల్ఫే యుద్ధపిపాసి. విజేతలు రాసిన చరిత్రే టోల్కీన్ కథ అన్నది అక్కడి ఊహ. తెలివైన రచన. ఆపకుండా చదివిస్తుంది. కాని అందులో తక్కెడ పళ్లాలు తారుమారయ్యాయి అంతే, తక్కెడ అదే. నిన్నటి మంచివాడు నేటి చెడ్డవాడు. మాగ్వైర్ తక్కెడనే అనుమానించాడు.

*

అసలు బామ్ సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. ఆయన అత్తగారు మటిల్డా జాస్లిన్ గేజ్. అమెరికాలో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడినవారిలో ప్రముఖురాలు. ఆమె 1893లో ప్రచురించిన గ్రంథంలో, ఐరోపాలో మంత్రగత్తెలని ముద్రవేసి కాల్చిచంపిన స్త్రీలను గురించి ఆవేశంగా రాసింది. మంత్రగత్తె అన్నది చాలాసార్లు తన కాలంకంటె ఎక్కువ తెలిసిన స్త్రీకి పెట్టిన పేరని ఆమె వాదం. ఆమె చెప్పిన తొంభై లక్షల మృతుల సంఖ్యను తరువాతి చరిత్రకారులు అంగీకరించలేదు. నేటి అంచనాలు నలభైవేలనుంచి అరవైవేల దాకా ఉన్నాయి. సంఖ్య తగ్గినా నేరం తగ్గదు. ఈ అత్తగారి ప్రభావంచేతనే బామ్ ఓజ్ దేశంలో మంచి మంత్రగత్తెలను కూడా సృష్టించాడని చాలామంది పరిశీలకుల భావన.

అదే బామ్ అంతకు మునుపు దక్షిణ డకోటాలోని అబర్డీన్ అనే ఊళ్లో పత్రిక నడిపాడు. 1890 డిసెంబరులో సిట్టింగ్ బుల్ చనిపోయినప్పుడు, 1891 జనవరిలో వూండెడ్ నీ మారణకాండ తరువాత, మిగిలిన ఆదివాసులను పూర్తిగా నిర్మూలించడమే మేలని రెండు సంపాదకీయాలు రాశాడు. 2006లో ఆయన వంశీకులు సూ తెగవారి దగ్గరకు వెళ్లి ఇందుకు క్షమాపణ చెప్పారు.

నేను ఈ సంగతి ఎత్తింది చనిపోయిన రచయితను బోనులో నిలబెట్టడానికి కాదు. మంచి మంత్రగత్తెను ఊహించగలిగిన మనసే, పక్కనే బ్రతుకుతున్న ఒక జాతిని మనుషులుగా ఊహించలేకపోయింది. 'చెడ్డవారు' అనే గడిలో ఒకసారి పడ్డవారికి పేరుండదు, ముఖముండదు, వారి చావుకు లెక్కే ఉంటుంది. నలభై తోడేళ్లు, నలభై కాకులు. బామ్ రాసిన మరకత నగరంలో ప్రతివారికీ పచ్చ కళ్లజోడు తగిలించి వెనకనుంచి తాళం వేస్తారు. ఆ అద్దాలవల్లనే నగరం అంత పచ్చగా కనిపిస్తుంది. ఆ కళ్లజోడును కల్పించినవాడు తన కళ్లజోడును గుర్తించలేదు. మాగ్వైర్ 1990ల మొదట్లో లండన్‌లో ఉంటూ, గల్ఫ్ యుద్ధకాలంలో పత్రికలు శత్రువుకు పెడుతున్న పేర్లు చూసి ఈ నవలవైపు ఆలోచన మళ్లిందని చెప్పుకొన్నాడు. నూరేళ్లు గడిచినా కళ్లజోళ్ల వ్యాపారం మూతపడలేదన్నమాట.

*

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పురాణాల్లో ప్రతినాయకులకు తెలుగులో వకాల్తా పుచ్చుకొన్నవారు తక్కువేమీ కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకుడి పక్షం వహించారు. ముద్దుకృష్ణ 'అశోకం'లో రావణుణ్ణి కొత్త వెలుగులో చూపారు. ఓల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖ, సీతతో సమానంగా కూర్చొని మాట్లాడుతుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాదెమీ పురస్కారం కూడా వచ్చింది. రావణుడికి, శంబుకుడికి, శూర్పణఖకు దొరికిన న్యాయవాది జానపద మాంత్రికుడికి ఎందుకు దొరకలేదు?

ఒక కారణం మొదట చెప్పుకొన్నదే. రావణుడికి పేరుంది, వంశముంది, తపస్సు ఉంది, సభ ఉంది. మాంత్రికుడికి ఏమీ లేదు. చందమామ ధారావాహికల్లో ఏవో పేర్లుండేవి కాని, అవీ రూపాన్నిబట్టో జంతువునుబట్టో వచ్చినవే. దాసరి సుబ్రహ్మణ్యంగారి 'భల్లూక మాంత్రికుడు' మనందరికీ ఇష్టమే కద. ఆ పేరులో ఎలుగుబంటి ఉంది, మనిషి లేడు.

రెండవ కారణం ఇంకా ఆసక్తికరమైనది. మన మాంత్రికుడు ఎప్పుడూ పొరుగువాడే. నేపాళంనుంచి వస్తాడు, మలయాళంనుంచి వస్తాడు. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు కొన్ని కథనాల్లో మాయల ఫకీరు, కొన్నింటిలో మాయల మరాఠీ. ఒక వేషం తురకది, ఒక వేషం మహారాష్ట్రానిది. ఎటునుంచి దండు వస్తుందని జనం భయపడితే మాంత్రికుడు అటునుంచే వస్తాడు. బామ్ మంత్రగత్తెకు దిక్కు పేరైనట్టు మన మాంత్రికుడికి సరిహద్దు పేరైంది. సొంత ఊరి తెలుగువాడు మాంత్రికుడైన పెద్ద జానపద కథ ఏదైనా మీకు తోస్తే చెప్పండి, నాకు వెంటనే తోచడం లేదు.

'పాతాళ భైరవి'నే మాంత్రికుడి గుహలోంచి చూడండి. ఏళ్ల తరబడి సాధన చేసినవాడు అతడు. భైరవి ఎక్కడుందో, ఏం కోరుతుందో కనిపెట్టినవాడు అతడు. సాహసవంతుడైన కుర్రవాణ్ణి బలి ఇవ్వాలనుకోవడం ఘోరమే, అందులో సందేహం లేదు. కాని కుర్రవాడు ఏం చేశాడు? మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, అతడి సాధన ఫలాన్ని చేతపట్టుకొని, మేడలూ మిద్దెలూ కోరుకొన్నాడు. నరబలి జరగనే జరిగింది, బలి ఎవరన్నది మాత్రమే మారింది. రాజకుమారి ప్రేమకోసం చేసిన నరబలి సాహసం, సిద్ధికోసం చేయబోయిన నరబలి పాపం. నేను సినిమాను తప్పుపట్టడం లేదు. అది నాకు ఇప్పటికీ ప్రాణమే. ఈ ప్రశ్న చుట్టూ ఒక గొప్ప తెలుగు నవల నిద్రపోతోందని మాత్రం అంటున్నాను.

*

ఇదంతా కాలక్షేపపు ఊహ అయితే ఇంత రాయవలసిన పని లేదు. మాంత్రికుడు కథల్లోనే ఉండి ఉంటే బాగుండేది. మన పల్లెల్లో ఇప్పటికీ చేతబడి, బాణామతి, చిల్లంగి అనే మాటలు బ్రతికే ఉన్నాయి. ఇంట్లో వరసగా ఇద్దరు జబ్బుపడితే, గేదె చచ్చిపోతే, అంతుపట్టని జ్వరం వస్తే, అది ఎవరు చేశారన్న వెతుకులాట మొదలవుతుంది. దొరికేది ఎప్పుడూ బలహీనుడే. ఒంటరి విధవ, ముసలివాడు, మూలికలు తెలిసినవాడు, కొద్దిపాటి పొలం ఉండి వెనుక మనుషులు లేనివాడు. చెట్టుకు కట్టి కొట్టడం, మంత్రం నోట పలకకుండా పళ్లు ఊడబెరకడం, నిప్పంటించడం వంటివి వార్తాపత్రికల్లో మనం చదువుతున్నవే. జాతీయ నేర గణాంకాల్లో హత్యకు కారణంగా మంత్రవిద్య అనే వరస ఏటా కనిపిస్తూనే ఉంటుంది. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో దీనికోసం ప్రత్యేక చట్టాలు చేసుకోవలసి వచ్చింది.

ఈ నిందకు గురైనవారి పక్షంనుంచి కథ వింటే ఎలా ఉంటుంది? జార్ఖండ్‌కు చెందిన ఛుట్నీ మహతో మీద 1995లో మంత్రగత్తె అనే ముద్ర వేసి ఊరినుంచి తరిమేశారు. ఆమె ఆ తరువాత తనవంటి స్త్రీలకు అండగా నిలిచింది. 2021లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడు అస్సాంలో ఇదే పోరాటం చేసిన బీరూబాలా రాభాకూ ఇచ్చారు. సాహిత్యంలో అయితే మహాశ్వేతాదేవి బెంగాలీ కథ 'బాయెన్' ఉంది. చనిపోయిన పసిపిల్లలను పూడ్చడం వంశవృత్తిగా గల ఒక తల్లిని ఊరు బాయెన్ అని వెలివేస్తుంది. కన్నకొడుకు కూడా ఆమె ముఖం చూడరాదు. చివరకు ఆమె ఒక రైలును ప్రమాదంనుంచి కాపాడబోయి ప్రాణం విడిచినప్పుడు, అధికారులు వచ్చి ఆమె ఎవరని అడిగితే, కొడుకు ముందుకు వచ్చి ఆమె తన తల్లి అని, ఆమెకొక పేరుందని చెబుతాడు. మళ్లీ పేరే. ఓజ్ దేశానికీ బెంగాలు పల్లెకూ ఏ చుట్టరికమూ లేదు, కాని ఇద్దరు రచయితలూ ఒకే చోట చేయి వేశారు.

తెలుగులో ఈ వైపు చూపు తక్కువ. 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చేతబడి ఇతివృత్తంతో పాఠకలోకాన్ని ఊపేసింది. రంగనాయకమ్మగారు దానిని ఖండిస్తూ ఒక పుస్తకమే రాశారు. ఆ వాదమంతా ప్రధానంగా మూఢనమ్మకం చుట్టూ తిరిగింది. చేతబడి ఉందా లేదా అన్నది అడగవలసిన ప్రశ్నే. దానితోపాటు అడగవలసిన మరో ప్రశ్న వెనుకబడిపోయింది. చేతబడి చేశాడని ఎవరిమీద వేలు చూపారో ఆ మనిషి ఆ రాత్రి ఏం ఆలోచించుకొన్నాడు? ఊరంతా తనను అలా అనుకొంటున్నప్పుడు తనలో తానైనా నమ్మడం మొదలుపెట్టాడా? భయపడే జనాన్ని చూసి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ భయాన్ని వాడుకొన్నాడా? మొరిబుల్ మంచం దగ్గర ఎల్ఫబాకు జరిగింది అదే. నిందలో ఎంత నరకం ఉందో అంత ప్రలోభమూ ఉంది. దీనులైన నిర్దోషుల కథ రాయడం కష్టమే, కాని ఈ కథ రాయడం అంతకంటె కష్టం.

అందువల్ల మాంత్రికుడి పక్షంనుంచి తెలుగులో నవల రాయబూనేవారెవరైనా ఉంటే వారికి నా విన్నపం ఇది. మాంత్రికుణ్ణి మంచివాణ్ణి చేయకండి, అది మర్యాదగా చేసిన మరొక మోసం. రాజకుమారుణ్ణి దుర్మార్గుణ్ణి చేసి లెక్క సరిచేయకండి, అది పగ. వాడికొక ఊరు ఇవ్వండి, అది మన ఊరే కానివ్వండి. వాడికి ఎవరు చదువు చెప్పారో, ఏ ఆకు ఏ జ్వరానికి పనిచేస్తుందో ఎవరి దగ్గర నేర్చుకొన్నాడో, మొదటిసారి వాణ్ణి చూసి పసిపిల్లను లోపలికి లాక్కుపోయిన తల్లి ఎవరో చెప్పండి. వాడు చేసిన తప్పు కూడా దాచకుండా చెప్పండి. అప్పుడు తోటరాముడు కత్తి ఎత్తిన చోట పాఠకుడి చేయి చప్పట్లకు లేవక, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం చాలు. చెట్టుకు కట్టిన ముసలామె చుట్టూ జనం మూగినప్పుడు, రాయి తీసిన చేతుల్లో ఒక్కటైనా అలా ఆగడమే ఇటువంటి నవల వల్ల లోకానికి ఒనగూడగల ప్రయోజనం.

వీటన్నిటికంటె ముందు మాత్రం, వాడికొక పేరు పెట్టండి.